పదిసార్లు నొక్కితే పదిసార్లూ పేలే ఫ్లింట్‌లాక్

ప్రశ్న ఇది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంటున్న ఒకరు .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) ఫ్లింట్‌లాక్ లాంగ్ రైఫిల్, అంటే రాయి రవ్వతో పేలే పాతకాలపు పొడవాటి తుపాకి, కొన్నారు. పదిసార్లు ట్రిగ్గర్ నొక్కితే నాలుగుసార్లు పేలడం లేదు. పేలినప్పుడు కూడా ముందు "ఛిస్" మని, కాస్త ఆగి "ఢాం" అంటోంది. గొట్టంలో పైరోడెక్స్ అనే ప్రత్యామ్నాయ మందు, పాన్‌లో (గొట్టం పక్కన రవ్వలు పడే చిన్న గిన్నె) 4ఎఫ్ అనే మెత్తటి రకం బ్లాక్ పౌడర్ వాడుతున్నారు. తోటివాళ్లు పెర్కషన్ లాక్‌కి (రాయికి బదులు క్యాప్ అనే చిన్న పేలుడు టోపీతో మందు అంటించే యంత్రం) మార్చేయమంటున్నారు. "అందరూ ఇందులో ఏదో ఆనందం ఉందంటారు, అది నాకెందుకు దొరకడం లేదు?" అని అడిగారు.

మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే రైఫిల్‌లో పెద్ద లోపం ఉన్నట్టు లేదు. గొట్టంలో మందు తప్పు. రాయి అమరిక బహుశా తప్పు. పాన్ నుంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే బెజ్జంలో మసి ఉండి ఉంటుంది. మంచి లాక్ ఉన్న రైఫిల్ పొడి వాతావరణంలో రోజంతా ఒక్కసారి కూడా మొరాయించకుండా పేలగలదు. పాన్ అంటుకోవడానికీ గొట్టంలో మందు పేలడానికీ మధ్య వ్యవధి రెండూ ఒకే చప్పుడుగా వినబడేంత చిన్నది, సెకనులో ఇరవయ్యో వంతుకి అటూ ఇటూ. మీకు రెండు చప్పుళ్లు విడివిడిగా వినబడుతున్నాయంటే నిప్పు ఎక్కడో దారిలో ఆగుతోంది. ఆ దారి అంతా మీ కళ్లెదుటే ఉంటుంది: రాయి, ఉక్కు, పాన్, బెజ్జం, గొట్టం. మూత వెనక దాక్కున్నది ఏదీ లేదు. మీరు అడిగిన ఆనందంలో సగం అదే. ప్రతి పేలుడూ మీరు స్వయంగా అమర్చుకున్నదే, ప్రతి వైఫల్యానికీ కారణం వెతికితే దొరికేదే.

మాటల గురించి ఒక్క సంగతి. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయే. పాన్‌లో పోసే మెత్తటి మందుకి తెలుగులో రంజకం అని పాత పేరు ఉంది, దాన్నే వాడతాను. బ్లాక్ పౌడర్‌ని మాత్రం "నల్లమందు" అనకండి, మనకు నల్లమందు అంటే అభిని. తుపాకిమందు అందాం.

ముందు మందు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ కష్టాల్లో పెద్ద వాటా దానిదే. అసలైన తుపాకిమందు అంటే బరువులో 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. ఇది చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవాలంటే దీనికంటే చాలా ఎక్కువ వేడి కావాలి. పెర్కషన్ క్యాప్ జ్వాల సూటిగా, బలంగా లోపలికి దూసుకెళ్తుంది కాబట్టి అక్కడ అవి పనిచేస్తాయి. పాన్ నుంచి పక్కకు, సన్నటి బెజ్జం గుండా వచ్చే మంటకు ఆ బలం ఉండదు. అడుగున కాస్త అసలు మందు వేసి దానిపైన పైరోడెక్స్ పోసేవాళ్లున్నారు. అంత తంటా ఎందుకు? మొత్తం అసలు మందే వేయండి. గోయెక్స్, షూట్జెన్, స్విస్ మూడూ మంచివే. స్విస్ కాస్త వేడిగా, శుభ్రంగా మండుతుంది, అందుకని మరో బ్రాండ్‌తో కుదిరిన కొలతను దీనికి యథాతథంగా వాడకండి, తగ్గించి మొదలుపెట్టండి. చాలా దుకాణాలు నిల్వ నిబంధనల వల్ల తుపాకిమందు పెట్టవు. క్లబ్బులో నలుగురైదుగురు కలిసి ఒకేసారి తెప్పించుకుంటే ప్రమాదకర సరుకు రవాణా ఖర్చు పంచుకోవచ్చు.

పేరులో ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నబడుతుంది. మీ .50 గొట్టానికి 3ఎఫ్, రంజకానికి 4ఎఫ్. 4ఎఫ్‌ను గొట్టంలో పోయకండి, ఒత్తిడి అనవసరంగా పెరుగుతుంది. పొగరాని మందు, అంటే స్మోక్‌లెస్ పౌడర్, గురించి ఒకటే మాట: ఒక్క చిటికెడు కూడా వద్దు. దాని ఒత్తిడికి ఈ గొట్టాలు పగిలిపోతాయి, చేతులు పోయిన వాళ్లున్నారు.

ఇక రాయి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, నేర్చుకుంటే ఎక్కువ తృప్తినిచ్చేదీ ఇదే.

రవ్వలు రాయి నుంచి రావు. చెకుముకి రాయి అంచు ఉక్కుకంటే గట్టిది. అది ఫ్రిజన్ (పాన్‌ను మూసి ఉంచే ఉక్కు పలక) ముఖం మీద నుంచి సన్నటి ఉక్కు తునకలను చెక్కుతుంది. చెక్కుడు వేడికి ఆ తునకలు గాలిలో అంటుకుని మండుతూ పాన్‌లో పడతాయి. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. రాయి అంచు మొద్దుబారితే చెక్కదు, రాస్తుంది. రాయిని పట్టుకునే సుత్తి లాంటి భాగం, అంటే కాక్, దవడల్లో రాయి కదిలితే దెబ్బ బలం అంతా కదలడానికే పోతుంది. ఫ్రిజన్ మీద నూనె ఉంటే రాయి జారుతుంది. నూనె వేలితో ముట్టుకున్నా చాలు, రవ్వలు సగమైపోతాయి.

ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, బ్రాండన్ ఊళ్లో చెక్కే నల్ల రాయి, ఫ్రాన్స్ నుంచి వచ్చే తేనెరంగు రాయి, రెండూ పేరున్నవే. కోసి తయారుచేసిన అగేట్ రాళ్లు చవకగా, చూడటానికి నున్నగా ఉంటాయి కానీ అంచు పదును తిరిగి తెచ్చుకోవడం కష్టం, వాటితో ఫ్రిజన్ కూడా త్వరగా అరుగుతుంది. మీ రైఫిల్‌తో అవే వచ్చి ఉంటే ముందు మార్చండి. రాయి వెడల్పు ఫ్రిజన్ వెడల్పుకి సమానంగానో, వెంట్రుక వాసి తక్కువగానో ఉండాలి. పెద్ద సైలర్ తరహా లాక్‌కి సాధారణంగా 3/4 అంగుళం వెడల్పు సరిపోతుంది.

రాయిని పలుచటి, మెత్తటి తోలుముక్కలో చుట్టి దవడల్లో పెట్టండి. తోలు మడత మధ్యలో చిన్న గాటు పెడితే రాయి వెనక భాగం నేరుగా దవడ మరకు ఆనుతుంది, దెబ్బకు వెనక్కి జరగదు. ఇప్పుడు, గొట్టం ఖాళీ అని ర్యామ్‌రాడ్ (గుండు దట్టించే పొడవాటి కర్ర) వేసి నిర్ధారించుకున్నాక, కాక్‌ను హాఫ్‌కాక్‌లో (సగం ఎత్తి ఆపిన స్థితిలో) ఉంచి ఫ్రిజన్ మూయండి. రాయి అంచుకీ ఫ్రిజన్‌కీ మధ్య 1/16 అంగుళం సందు ఉండాలి. అంచు మొత్తం ఫ్రిజన్‌కి సమాంతరంగా ఉండాలి. ఒక మూల ముందుకొస్తే ఆ మూల ఒక్కటే తగిలి విరుగుతుంది. రాయి ఎడమ పక్క గొట్టానికి రాసుకోకూడదు. మర బిగించండి, నాలుగైదు సార్లు కాల్చాక మళ్లీ బిగించండి. తోలు అణిగి రాయి వదులవుతుంది, చాలామంది మర్చిపోయేది ఈ రెండో బిగింపే.

దెబ్బ ఎక్కడ పడుతోందో ఫ్రిజన్ ముఖమే చెబుతుంది. పై నుంచి సుమారు మూడో వంతు దగ్గర మొదలై, సన్నటి నిలువు గీతలు కిందిదాకా దిగాలి. కాక్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు రాయి కొన పాన్ మధ్యలోకి చూడాలి. గీతలు సగం కింద నుంచే మొదలైతే రాయి మరీ కింద తగులుతోంది. అప్పుడు రాయిని తిరగేసి, ఏటవాలు ముఖం కిందికి వచ్చేలా పెట్టండి, అంచు పైకి లేస్తుంది. మరీ పైన తగిలితే ఏటవాలు పైకి. ఏది సరి అన్నది ప్రతి లాక్‌కీ వేరే, పుస్తకంలో ఉన్నది కాక మీ ఫ్రిజన్ చెప్పింది వినండి. గీతలకు బదులు అడ్డంగా లోతైన గాడి పడిందంటే రాయి మరీ నిటారుగా ఢీకొంటోంది, లేదా ఫ్రిజన్ మెత్తగా ఉంది.

రవ్వల రంగూ చూడాలి. తెల్లగా, చిటపటమంటూ పాన్‌లో పడి ఒక క్షణం ఇంకా మెరిసేవి మంచివి. ఎర్రగా, మందకొడిగా ఉండి పడకముందే ఆరిపోయేవి మెత్తటి ఫ్రిజన్‌కి గుర్తు. గాజులా గట్టిపడిన ఫ్రిజన్ మీద గీత కూడా పడదు, రవ్వలే రావు. ఇలా మరీ గట్టిపడినదాన్ని ఓవెన్‌లో వేడిచేసి లేత గడ్డిరంగు వచ్చేదాకా ఉంచితే గట్టితనం తగ్గుతుంది. మెత్తటిదానికి మళ్లీ గట్టిపరచడం అవసరం, అది లాక్ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. మెయిన్‌స్ప్రింగ్‌కీ ఫ్రిజన్ స్ప్రింగ్‌కీ మధ్య పొత్తు కూడా కుదరాలి. ఫ్రిజన్ స్ప్రింగ్ మరీ గట్టిదైతే రాళ్లు మూడు నాలుగు దెబ్బలకే విరుగుతాయి. మరీ వదులైతే ఫ్రిజన్ ముందే తెరుచుకుని రవ్వలు పుట్టవు, ఒక్కోసారి వెనక్కి ఎగిరి వచ్చి రాయిని కొడుతుంది.

అంచు మొద్దుబారితే రాయిని పారేయకండి. చిన్న ఇత్తడి కడ్డీతో అంచు కింది వైపు నుంచి సన్న సన్న పెచ్చులు ఎగిరేలా నెమ్మదిగా నొక్కుతూ తట్టితే కొత్త పదును వస్తుంది. పాన్‌లో రంజకం గానీ గొట్టంలో మందు గానీ ఉండగా ఈ పని చేయకూడదు. కంటద్దాలు లేకుండా అసలే చేయకూడదు, ఆ పెచ్చులు బ్లేడు ముక్కలే.

నిప్పు పాన్‌లో పడింది. ఇప్పుడు అది గొట్టంలోకి వెళ్లాలి. ఇక్కడే మీ "ఛిస్... ఢాం" పుడుతోంది.

బెజ్జం వ్యాసం 1/16 నుంచి 5/64 అంగుళం, అంటే 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. అంతకంటే పెద్దది చేస్తే పక్కకు ఎగజిమ్మే వాయువు పెరుగుతుంది. మంచి రైఫిళ్లలో బెజ్జం దగ్గర స్టెయిన్‌లెస్ లైనర్ (తొడుగు) ఉంటుంది, లోపలి వైపు గరాటులా తొలిచి ఉంటుంది కాబట్టి గొట్టంలోని మందు దాదాపు బయటి అంచుదాకా వచ్చి కూర్చుంటుంది, మంట దూకాల్సిన దూరం తగ్గుతుంది. బెజ్జం మధ్యభాగం మూసిన పాన్ పై అంచుకి సమంగానో, కాస్త పైనో ఉండాలి. పాన్ అడుగుకి దిగి ఉంటే అది తయారీ లోపం, లైనర్ మార్చినా తీరదు.

రంజకం ఎంత? రెండు మూడు గ్రెయిన్లు చాలు, ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. పాన్ నింపేయాలనిపిస్తుంది, ముఖ్యంగా రెండుసార్లు మొరాయించాక. చేయకండి. రంజకం బెజ్జాన్ని కప్పేస్తే, లేదా బెజ్జంలోకి దూరితే, అది వత్తిలా ఒక్కొక్క పలుకూ కాలుతూ లోపలికి పోవాలి. మీకు వినబడే "ఛిస్" అదే. మంట బెజ్జంలోంచి దూకాలి, పాకకూడదు. రంజకం బెజ్జం అడుగు అంచుకి కిందే, పాన్ అంతటా పలుచగా పరుచుకుని ఉండాలి. గొట్టానికి దూరంగా తోయాలా దగ్గరగా ఉంచాలా అని వాదించుకునేవాళ్లున్నారు. బెజ్జం మూసుకోకుండా ఉన్నంతవరకు దగ్గరగా ఉండటమే మేలు.

ప్రతిసారీ కాల్చాక, మందు పోయకముందే సన్నటి తీగతో బెజ్జం పొడవండి. మీరు ఇది చేయడం లేదనుకుంటున్నాను. మొదటి రెండు మూడు సార్లు బాగా పేలి ఆ తర్వాత మొరాయిస్తుంటే అది మసి పేరుకున్న బెజ్జం లక్షణమే. పాన్ వెలిగి గొట్టం పేలకపోతే తుపాకిని నిమిషం పాటు లక్ష్యం వైపే పట్టుకుని ఉండండి, ఆలస్యంగా పేలవచ్చు. ఆ తర్వాత తీగతో పొడిచి, కొత్త రంజకం వేసి, మళ్లీ కాల్చండి. దాదాపు ఎప్పుడూ దీంతోనే పేలుతుంది.

దట్టించే పద్ధతి క్రమం తప్పకూడదు. మొదట గొట్టంలోని నిల్వ నూనెను పొడి గుడ్డతో, ఆ తర్వాత ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తీసేయండి. కాక్ కిందికి దించి, ఫ్రిజన్ తెరిచి, ఫ్రిజన్ మీద తోలు తొడుగు వేయండి. మందు కొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకూడదు. లోపల నిప్పుకణిక మిగిలి ఉంటే చేతిలోని కొమ్మంతా పేలుతుంది. కొలతగొట్టంలో పోసి, కొమ్ము మూత పెట్టి, దూరంగా వేలాడదీసి, అప్పుడు గొట్టంలో పోయండి. కొలతగొట్టం పరిమాణంతో కొలిస్తే చాలు, తూకం వేయక్కర్లేదు. మీ రైఫిల్‌కి 50 గ్రెయిన్లతో మొదలుపెట్టండి. 50 గ్రెయిన్లు అంటే సుమారు మూడుంబావు గ్రాములు.

గొట్టం పక్కన అరచేత్తో రెండు తట్లు తట్టండి, మందు బెజ్జం దగ్గరికి సర్దుకుంటుంది. తర్వాత మూతి మీద నూనె పట్టించిన ప్యాచ్ గుడ్డ, దానిపై .490 అంగుళం మెత్తటి సీసపు గుండు, పోతపోసినప్పుడు మిగిలిన మొటిమ పైకి ఉండేలా. గుడ్డ గట్టిగా నేసిన నూలు గుడ్డై ఉండాలి, పరుపులకు వాడే టికింగ్ గుడ్డ అందరికీ ఇష్టమైనది. మందం 0.015 నుంచి 0.018 అంగుళం. సాగే టీషర్టు గుడ్డ, పాలిస్టర్ కలిసిన గుడ్డ పనికిరావు. దానికి పట్టించే నూనె పెట్రోలియం నూనె కాకూడదు, తుపాకిమందు మసితో కలిసి తారులా గడ్డకడుతుంది. జంతువుల కొవ్వు, మొక్కల నూనె, తేనెమైనం కలిపినవి మంచివి. మన ఆముదం కూడా ఈ పనికి పేరున్నదే, తేనెమైనం, నూనెసబ్బుతో కలిపి అక్కడివాళ్లూ వాడతారు.

షార్ట్ స్టార్టర్ అనే పొట్టి కర్రతో గుండును మూతిలోకి దింపి, ర్యామ్‌రాడ్‌తో తోయండి. కర్రను మూతికి జానెడు దూరంలోనే పట్టుకుని చిన్న చిన్న తోపులుగా దింపాలి. పై చివర పట్టుకుని ఒక్క ఊపులో తోస్తే హికరీ కర్ర విరిగి, ఆ చీలిక అరచేతిలోంచి దూసుకుపోతుంది. ఈ ప్రమాదం తరచూ జరిగేదే. గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే అక్కడ ఒత్తిడి ఎగిసి గొట్టం ఉబ్బుతుంది. అందుకే ర్యామ్‌రాడ్ మీద రెండు గీతలు పెట్టుకోండి: గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, మీ కొలతతో దట్టించినప్పుడు ఒకటి. ఆ రెండు గీతలు ఉంటే "మందు వేశానా లేదా" అన్న సందేహం ఉండదు. మందు మర్చిపోయి గుండు దింపేస్తే కంగారు వద్దు. బెజ్జంలోంచి కొన్ని పలుకుల 4ఎఫ్ లోపలికి దూర్చి, గుండు అడుగుదాకా ఉందని చూసుకుని, రంజకం వేసి లక్ష్యం వైపే కాలిస్తే బయటికి వస్తుంది.

రంజకం అన్నింటికంటే చివర, కాల్చే చోట నిలబడి, మూతి లక్ష్యం వైపు ఉన్నప్పుడే. మీ కుడి పక్కన ఎవరూ దగ్గరగా నిలబడకూడదు, బెజ్జంలోంచి వచ్చే నిప్పు ఆ వైపు అడుగుల దూరం చిమ్ముతుంది. కంటద్దాలు మీకూ, చుట్టూ ఉన్నవాళ్లకూ.

గురి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రైఫిల్ ఏదైనా గురి ఒకటే. తేడా అంతా పేలాక ఉంటుంది. ముక్కు ముందు మంట లేవగానే కళ్లు మూసుకుని తల ఎత్తేయడం సహజం. ఆ క్షణంలో గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. పొగ తెరిపి ఇచ్చేదాకా చెక్కిలి చెక్క మీదే ఉండాలి, ముందుగురి లక్ష్యం మీదే ఉండాలి. ఇంట్లో దవడల్లో రాయికి బదులు గట్టి చెక్కముక్క బిగించి, ఖాళీ తుపాకితో రోజూ పదిసార్లు సాధన చేయండి. ఫ్రిజన్ అరగదు, రెప్ప అలవాటు పోతుంది. ఫ్లింట్‌లాక్‌తో బాగా కాల్చడం నేర్చినవాళ్లు ఏ తుపాకితోనైనా బాగా కాలుస్తారు, ఎందుకంటే ఇది ఏ తప్పునూ క్షమించదు.

కొలత పెంచడం ఇలా. 50 గజాల దూరంలో, ఆనించి, 50 గ్రెయిన్లతో అయిదు గుండ్లు. ఆ తర్వాత 55, 60, 65, 70. ఒక చోట గుండ్లు పడిన గుంపు బిగుసుకుని మళ్లీ విచ్చుకుంటుంది. బిగుసుకున్న కొలతే మీ రైఫిల్ కొలత, గొట్టం చేసినవాళ్లు చెప్పిన గరిష్ఠాన్ని మాత్రం దాటకండి. ప్రతి రౌండు తర్వాత మూతికి పది పదిహేను గజాల ముందు పడిన గుడ్డముక్కలు ఏరుకోండి. రైఫిల్ మీకు రాసిన ఉత్తరాలు అవి. గుండ్రంగా, అంచులు చిరుగులు పోయి, మధ్యలో మసి ముద్ర మాత్రమే ఉంటే అంతా సవ్యం. కత్తితో కోసినట్టు గాట్లుంటే మూతి దగ్గర రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలికల గాడులు) పదును ఎక్కువ ఉంది, సన్నటి ఎమరీ కాగితాన్ని బొటనవేలితో మూతిలో తిప్పుతూ నునుపు చేయాలి. మధ్యలో కాలి చిల్లులు పడితే గుడ్డ పలుచన, లేదా నూనె చాలలేదు. గుంపు చెదిరితే గురి మార్చే ముందు గుడ్డ చూడండి.

చెమ్మ గురించి. కాలిన మందు వదిలే మసిలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది గాలిలోని తేమను లాగేస్తుంది. విశాఖలో మూత తీసిపెట్టిన ఉప్పు డబ్బా వానాకాలంలో ఎలా అవుతుందో, జూలైలో మీ పాన్ అలా అవుతుంది. రంజకం ముద్దవుతుంది, పేలదు. అందుకని ప్రతిసారీ పాన్, ఫ్రిజన్ ముఖం, రాయి అంచు, మూడింటినీ పొడి గుడ్డతో తుడవండి. గొట్టాన్ని కూడా ఉమ్మి తడిపిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే ప్రతి గుండూ ఒకే తీరున దిగుతుంది. గుడ్డ తడి మరీ ఎక్కువైతే మసి బురదై బెజ్జంలోకి పోతుంది, ఇది కూడా మీ మొరాయింపులకు ఒక కారణం కావచ్చు. వానలో వేటకు పోయేవాళ్లు పాన్ అంచుకి తేనెమైనం రాసి, లాక్ మీద కొవ్వు పట్టించిన తోలు కప్పుతారు. మీ రాష్ట్రంలో 1974లో మొదలైన ఫ్లింట్‌లాక్ జింకల వేట కాలం ఉంది, అది క్రిస్మస్ తర్వాత వస్తుంది కాబట్టి మంచులో దీన్ని పేల్చే నేర్పు మీ పక్కింట్లోనే దొరకవచ్చు.

కాల్చిన రోజే కడగాలి, రేపు కాదు. ఆ మసి నీళ్లలో కరుగుతుంది, ఖరీదైన ద్రావణాలేవీ అక్కర్లేదు. కాక్ దించి, రెండు బోల్టులు విప్పి లాక్ బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో నీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి, టంబ్లర్ (కాక్‌తో పాటు తిరిగే లోపలి ముక్క) ఇరుసు దగ్గర, సియర్ (దాన్ని ఆపే కొక్కెం) కొన మీద, ఫ్రిజన్ అడుగున ఒక్కో చుక్క నూనె వేయండి. స్ప్రింగులు విప్పకండి. బెజ్జంలో పుల్ల దూర్చి గొట్టంలో గోరువెచ్చటి నీళ్లు పోసి, మూతి మూసి తిరగేసి పారబోయండి, మూడుసార్లు. తర్వాత గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆల్కహాల్‌తో ఆరబెట్టి, పలుచగా నూనె పెట్టండి. గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచే సన్నటి పిన్నులు తీసి గొట్టం బయటికి లాగకండి, ముందు చెక్క ఆ పిన్నుల దగ్గర 1/8 అంగుళమే ఉంటుంది, చీలిపోతుంది. మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, నూనె బెజ్జం వైపు కారకుండా. మర్నాడు ఒక గుడ్డ వేసి చూడండి. తుప్పురంగు కనిపిస్తే ఇంకోసారి తుడవాలి.

ఇంత చాకిరీ చేయించుకునే వస్తువు మీద ప్రేమ ఎందుకు పుడుతుందంటారా, మంచి లాంగ్ రైఫిల్‌ను ఒకసారి భుజానికి ఎత్తి చూడండి. లాంకాస్టర్, బెర్క్స్, లీహై కౌంటీల్లో స్థిరపడిన జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి, లావుపాటి యేగర్ రైఫిల్‌ను అడవికి తగ్గట్టు సాగదీసి, సన్నగా మలిచారు. లావుపాటి గొట్టానికి సరిపడే .62 అంగుళం గుండ్లు పౌను సీసానికి 20 వస్తే, మీ .490 గుండ్లు 39 వస్తాయి. సీసాన్ని వీపున మోసుకెళ్లే మనిషికి ఆ లెక్క ప్రాణప్రదం. మంచి గొట్టం మందుగది దగ్గర లావుగా ఉండి, నడుమ సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కాస్త విచ్చుకుంటుంది. అందుకే 42 అంగుళాల గొట్టం ఉన్నా ఎనిమిది పౌన్ల రైఫిల్ ఎడమచేతిలో తూకంగా ఆగుతుంది, మూతి బరువుగా వాలిపోదు. మేపుల్ చెక్కకు ఇనుము కరిగించిన నైట్రిక్ ఆమ్లం పూసి వేడి తగిలిస్తే, ఆకుపచ్చగా ఉన్నది కళ్లముందే ఎర్రటి గోధుమరంగుకి తిరిగి, నారలోని పులిచారలు లేచి వస్తాయి. లాక్‌లోపలి భాగాలు నునుపుగా ఉంటే హాఫ్‌కాక్, ఫుల్‌కాక్ రెండు స్పష్టమైన క్లిక్కులుగా వినిపిస్తాయి. అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పెర్కషన్ పద్ధతికి పేటెంట్ తీసుకునే నాటికే ఫ్లింట్‌లాక్ దాదాపు పరిపూర్ణమైపోయింది. 1600ల మొదట్లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న యంత్రం రెండువందల ఏళ్ల పాటు మెరుగుపడింది, మీ చేతిలో ఉన్నది ఆ మెరుగుదల అంతా.

కొనేవాళ్లకు ఒక సలహా: చెక్కడాలు, ఇత్తడి పెట్టె, వెండి పొదుగు చివర చూడండి, ముందు లాక్, ఆ తర్వాత గొట్టం. చవక లాక్ ఉన్న అందమైన రైఫిల్ దుఃఖం, మంచి లాక్ ఉన్న సాదా రైఫిల్ జీవితకాలపు తోడు. చేతిపని మీద ఆసక్తి ఉంటే కిబ్లర్ కిట్ లాంటిది తెచ్చుకుని స్వయంగా బిగించుకోవచ్చు, చెక్క, ఇనుము దాదాపు అతికినట్టే వస్తాయి. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ ఊళ్లో, 1933లో పుట్టిన జాతీయ మజిల్‌లోడింగ్ (మూతి నుంచి దట్టించే తుపాకుల) సంఘం పోటీలకు ఒకసారి వెళ్లండి. రకరకాల లాక్‌ల చప్పుడు విని పోల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

చట్టం సంగతి, మనవాళ్లు చాలామంది వీసాల మీద ఉంటారు కాబట్టి. అమెరికా కేంద్ర చట్టం అసలు పాత ఫ్లింట్‌లాక్‌లనూ, వాటి నకళ్లనూ "యాంటిక్" కింద చూసి, "ఫైర్‌ఆర్మ్" నిర్వచనంలోంచి మినహాయిస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ లాంటి చోట వీటినీ తుపాకులుగానే లెక్కిస్తారు. రాష్ట్రం దాటించే ముందూ, వీసా మీద ఉంటే కొనే ముందూ, లాయర్‌ను అడగండి. భారత్‌లో మూతి నుంచి దట్టించే తుపాకికి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. ఇంటికి పట్టుకుపోదాం అన్న ఆలోచన పెట్టుకోకండి.

ఇక మీరు చేయాల్సింది. పైరోడెక్స్ పక్కన పెట్టి 3ఎఫ్ తెచ్చుకోండి. కొత్త నల్లరాయి, తోలు, ఆల్కహాల్‌తో తుడిచిన ఫ్రిజన్. గొట్టం ఖాళీ అని ర్యామ్‌రాడ్ గీతతో చూసుకుని, మందు డబ్బాలన్నీ వేరే గదిలో ఉంచి, మసక వెలుతురులో రంజకం లేకుండా అయిదుసార్లు కాక్ వదలండి. తెల్లటి రవ్వలు అయిదుసార్లూ పాన్‌లో పడితే లాక్ నిర్దోషి. తర్వాత రేంజ్‌లో, ఖాళీ గొట్టంతోనే, పాన్‌లో మాత్రం రంజకం వేసి పదిసార్లు వెలిగించండి. పదీ వెలిగాక 50 గ్రెయిన్లతో దట్టించండి, ప్రతిసారీ బెజ్జం పొడుస్తూ. అప్పటికీ రెండు చప్పుళ్లు వినిపిస్తే బెజ్జం వ్యాసం కొలిచి, పాన్‌కి అది ఏ ఎత్తులో ఉందో కుడి వైపు నుంచి దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టండి. రవ్వలు ఎర్రగా ఉంటే ఫ్రిజన్ ముఖం ఫోటో కూడా.